కాలేయానికి పథ్యం, మనిషికి పరీక్ష కాదు

బరువు తగ్గే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మనిషి ఇంట్లో ఉంటే వచ్చే పోయే చుట్టాలందరూ జడ్జీలైపోతారు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు రోజుకు 800 కేలరీల తిండి మీదే ఉండమన్నారని తెలియగానే పెదనాన్న అందుకుంటాడు: "పదిహేను రోజులు నోరు కట్టుకోగలిగినవాడివి రెండేళ్ళు కట్టుకోలేవట్రా? దానికోసం కడుపు కోయించుకుని లక్షలు తగలెయ్యాలా?" పదో రోజున అదే మనిషి వంటింట్లో ఓ ఇడ్లీ తుంచుకుని నోట్లో వేసుకుంటూ కనబడితే, అదే పెదనాన్న మాట మార్చేస్తాడు: "ఈ నాలుగు రోజులే ఉండలేనివాడు ఆపరేషన్ అయ్యాక ఉంటాడా? డబ్బు దండగ." పథ్యం నిలబెట్టుకుంటే ఆపరేషన్ అక్కర్లేదు. నిలబెట్టుకోకపోతే ఆపరేషన్‌కు అర్హత లేదు. ఎటు తిరిగినా శిక్ష ఖాయం.

ఈ రెండు వాదాలూ ఎదురెదురుగా కనబడతాయి గానీ వేరు ఒకటే. ఆపరేషన్‌కు ముందు పెట్టే ఆ పథ్యం మనిషి మనోనిబ్బరాన్ని కొలిచే పరీక్ష అనే నమ్మకం నుంచే రెండూ పుట్టాయి. పెదనాన్నల దగ్గరే ఆగిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. బీమా కంపెనీల నిబంధనల్లోనూ ఇదే నమ్మకం ఉంది. కొన్ని ఆసుపత్రుల కౌన్సెలింగ్ గదుల్లోనూ ఇదే గొంతు వినబడుతుంది. అన్నిటికన్నా విచారకరం, పేషెంటు కూడా దాన్నే నమ్మి, తనను తాను దోషిగా నిలబెట్టుకుంటాడు. ఈ నమ్మకం తప్పు. ప్రాణం మీదకు తెచ్చే తప్పు కూడా. ఆ రెండు వారాల తిండి కాలేయం కోసం పెట్టింది, మనిషి గుణగణాలతో దానికి పనిలేదు.

కాలేయం ఎడమ భాగం కడుపు పైభాగాన్ని కప్పి ఉంటుంది. కడుపులో భాగం తీసేసే స్లీవ్ అయినా, తిండిని పక్కదారి పట్టించే బైపాస్ అయినా సర్జన్ పనిచేయాల్సింది సరిగ్గా ఆ కప్పు కింద, అన్నవాహిక దిగి కడుపులో కలిసే చోట. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టిన నాటినుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు ఈ ఆపరేషన్లన్నీ పొట్ట తెరిచి చేసినవే. కాలేయం అడ్డొస్తే చేత్తో పక్కకు జరిపేవారు. 1994లో అలన్ విట్‌గ్రోవ్ బృందం బైపాస్‌ను లాప్రోస్కోపీలో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా సాయంతో, చేసిన వివరాలు ప్రకటించింది. ఆ పద్ధతి పాకిపోయాక చెయ్యి లోపలికి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఇప్పుడు రొమ్ము ఎముక కింద చిన్న గాటు పెట్టి, వంపు తిరిగిన ఉక్కు కడ్డీ ఒకటి దూర్చి, దానితో కాలేయాన్ని పైకెత్తి పట్టుకుంటారు. పని పూర్తయ్యేదాకా అది అలా ఎత్తి ఉండాల్సిందే.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం అంచు పల్చగా ఉంటుంది, కడ్డీ మీద సులువుగా మడత పడుతుంది. కొవ్వు పట్టినది అలా కాదు. పెరిగి, బరువెక్కి, అంచులు మొద్దుబారి, గట్టిగా తగిలితే చిట్లేలా ఉంటుంది. చిట్లితే రక్తం, రక్తం కమ్మితే కెమెరాకు ఏమీ కనబడదు. ఎత్తలేనంత పెద్దదైతే సర్జన్ ముందున్నవి రెండే దారులు: పొట్ట కోసి చేయడం, లేదా గాట్లు కుట్టేసి ఆపరేషన్ చేయకుండానే పేషెంటును వార్డుకు పంపడం. మత్తు ఇచ్చి, నాలుగైదు గాట్లు పెట్టి, ఏ పనీ జరగకుండా లేచిన మనిషికి కలిగే నిరాశను పెదనాన్న తూచలేడు. ఈ ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఫ్యాటీ లివర్ ఉంటుంది కాబట్టి ఇదేదో నూటికో కోటికో ఎదురయ్యే సంగతి అనుకోవడానికీ లేదు.

ఇక ఆ పథ్యం చేసేదేమిటి? కాలేయం గ్లూకోజును గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. పెద్దవాళ్ళలో సుమారు 100 గ్రాములు. ప్రతి గ్రామూ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, చపాతీ, చక్కెర బాగా తగ్గించేస్తే ముందు ఈ నిల్వ ఖర్చవుతుంది, దానితోపాటే నీరూ పోతుంది. కొన్నాళ్ళలోనే కాలేయం వాపు దిగినట్టు చిన్నబడుతుంది. ఆ వెంటనే శరీరం కొవ్వు మీద పడుతుంది, అందులోనూ కాలేయంలో పేరుకున్న కొవ్వు త్వరగా కదులుతుంది. నడుము చుట్టుకొలతలో పెద్ద తేడా కనబడకముందే లోపల ఇంత జరిగిపోతుంది.

ఇది ఊహ కాదు, కొలిచి చూసిన లెక్క. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 32 మందికి 12 వారాలు ఆప్టిఫాస్ట్ పొడితో అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, మధ్యమధ్య స్కాన్లు తీసి కాలేయం పరిమాణం కొలిచారు. సగటున 18.7 శాతం తగ్గింది. ఆ తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే వచ్చేసింది. రెండు వారాల గడువు వెనకున్న అసలు కారణం ఇది. నెలల తరబడి సాగదీసినా కాలేయం వరకు అదనంగా దక్కేది కొంచెమే. 2011లో బెల్జియం సర్జన్ వాన్ న్యూవెన్‌హోవ్ బృందం దాదాపు 300 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి చూసింది. ఒక జట్టుకు బైపాస్‌కు ముందు 14 రోజులు అతి తక్కువ కేలరీల ఆహారం, రెండో జట్టుకు మామూలు తిండి. ఆపరేషన్‌కు పట్టిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పథ్యం చేసినవాళ్ళ విషయంలో పని తేలికైందని సర్జన్లు చెప్పారు. నెల తిరిగేలోగా మామూలు తిండి జట్టులో 18 మందికి ఇబ్బందులు తలెత్తితే, పథ్యం జట్టులో 8 మందికే తలెత్తాయి.

ఈ వివరాల్లో మనోనిబ్బరానికి చోటు ఎక్కడుంది? కాలేయం ఎంత చిన్నబడిందన్నదే ఇందులో లెక్క.

సరే, పెదనాన్న మొదటి ప్రశ్న అలాగే ఉంది. పదిహేను రోజులు ఉండగలిగినవాడు రెండేళ్ళు ఎందుకు ఉండలేడు? నిమిషంసేపు ఊపిరి బిగపట్టగలిగినవాణ్ణి ఇక నీకు గాలెందుకు అని అడిగినట్టుంది ఇది. రెండు వారాలు ఆకలిని పక్కన పెట్టడం వేరు, ఆకలి ఎదురు తిరిగాక ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టడం వేరు. 1995లో న్యూయార్క్‌లో రూడాల్ఫ్ లీబెల్ బృందం చూపించిందేమిటంటే, బరువు పది శాతం తగ్గితే శరీరం రోజువారీ ఖర్చును తగ్గిన బరువుకు తగ్గంతవరకే కాకుండా అంతకన్నా ఎక్కువగా కుదించేసుకుంటుంది. 2011లో మెల్‌బోర్న్‌లో ప్రియా సుమిత్రన్ బృందం 50 మందిని పది వారాలు అతి తక్కువ ఆహారం మీద ఉంచి, ఆ తర్వాత ఏడాది పాటు గమనించింది. ఆకలిని పెంచే ఘ్రెలిన్, కడుపు నిండిన కబురు మెదడుకు చేర్చే లెప్టిన్ వంటి హార్మోన్లు ఏడాది గడిచినా పూర్వస్థితికి రాలేదు. ఆ మనుషులు తమకు ముందుకంటే ఎక్కువ ఆకలి వేస్తోందన్నారు. అది నిజంగానే వేసిన ఆకలి, రక్తపరీక్షలో దొరికిన ఆకలి. దాన్ని తిండియావ అని తేల్చేయడం తెలియనితనం.

స్లీవ్‌లో కడుపులో దాదాపు ముప్పాతిక భాగం తీసేస్తారు, ఘ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం అందులోనే పోతుంది. ఆకలి మీద జరిగే కుస్తీలో ఎదుటివాడి బలం తగ్గించే పని అది. పథ్యానికి ఆ శక్తి లేదు. పైగా పథ్యం సాగేకొద్దీ అది ఎదుటివాడికే బలం పోస్తుంది. 

ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ళు ప్రయత్నించకుండా వచ్చారనుకోవడం మరో పొరపాటు. మన తెలుగు ఇళ్ళలో బాగా లావున్న మనిషిని ఎవరినైనా కదిపి చూడండి. మంతెన సత్యనారాయణ రాజు గారి ఉప్పులేని కూరల దగ్గర మొదలై, వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ళ మీదుగా, ఏడాది ఫీజు కట్టి మూడు నెలలు వెళ్ళిన జిమ్ములు, పొద్దున్నే తేనె కలిపిన గోరువెచ్చని నీళ్ళు, చియా గింజలు, కార్తీకమాసపు ఒంటిపూటలు, అన్నీ వరసగా చెబుతారు. వాటితో బాగుపడ్డవాళ్ళు ఉన్నారు, కాదనను. పది కిలోలు తగ్గి పన్నెండు పెరిగినవాళ్ళూ ఉన్నారు, ఆపరేషన్ గదికి వచ్చేది ఈ రెండో రకమే. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనం 2 వేలకు పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళనూ, అన్ని విధాలా వాళ్ళకు జోడుగా ఎంచిన మరో 2 వేలమందినీ ఏళ్ళ తరబడి వెంబడించింది. ఆపరేషన్ లేకుండా మామూలు వైద్యం అందుకున్న జట్టు సగటు బరువు 15 ఏళ్ళలో రెండు శాతానికి మించి అటూ ఇటూ కదల్లేదు. బైపాస్ చేయించుకున్నవాళ్ళు పదేళ్ళ తర్వాత కూడా మొదటి బరువు కంటే 25 శాతం తక్కువలో ఉన్నారు. మరణాలు కూడా ఆపరేషన్ జట్టులోనే తక్కువ.

ఇక్కడ పెదనాన్నకంటే తెలివైన ప్రత్యర్థి ఒకరున్నారు. ఆయన వాదాన్ని దాటేసి పోతే అది వాదన అనిపించుకోదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ అనే ప్రొఫెసర్, బరువు తగ్గే ఈ ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ) అయిన కొద్ది రోజుల్లోనే షుగర్ తగ్గిపోవడం గమనించి, ఆ మేలు ఆపరేషన్‌ది కాదేమో, చుట్టూ జరిగే తిండి కోతదేమో అని అనుమానించాడు. 2011లో 11 మంది షుగర్ పేషెంట్లను రోజుకు 600 కేలరీల మీద ఉంచి చూశాడు. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ మామూలు స్థాయికి దిగింది, కాలేయంలో కొవ్వు 30 శాతం పోయింది. ఆ తర్వాత బ్రిటన్‌లో 306 మందితో చేసిన డైరెక్ట్ అధ్యయనంలో, 2017 నాటి ఫలితాల ప్రకారం, ఆహారం మార్చుకున్న జట్టులో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. గొప్ప ఫలితం. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు, ఇన్సులిన్ మీద లేనివాళ్ళు ముందు ఆ దారి చూడాలనే నేనూ అంటాను. అయితే ఆ అధ్యయనమే రెండో ఏడాదికి వచ్చేసరికి 46 శాతం 36 అయింది. నర్సులు, డైటీషియన్లు నెల నెలా వెన్నంటి ఉండగా జరిగిన మాట ఇది. తగ్గడం అందరికీ వచ్చు, తగ్గినచోట నిలబడటం దగ్గరే గొడవంతా. టేలర్ పని చూపించింది కొద్ది వారాల తక్కువ తిండి కాలేయానికి ఎంత మేలు చేస్తుందో. అది నా వైపు సాక్ష్యం.

పరీక్ష అనే నమ్మకం కాగితం మీదకెక్కితే ఏమవుతుందో చూడాలంటే బీమా దగ్గరికి పోవాలి. అమెరికాలో చాలా బీమా పథకాలు ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వడానికి ముందు మూడు నుంచి ఆరు నెలలు డాక్టరు పర్యవేక్షణలో డైట్ చేసి, ప్రతి నెలా తూకం రాయించుకుని, ఆ రికార్డు తెమ్మంటూ వచ్చాయి. మధ్యలో ఒక నెల తప్పితే మళ్ళీ మొదటికి. అక్కడ ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళకు ఇది తెలిసిన తలనొప్పే. కాలేయానికి రెండు వారాలు చాలుతుంటే ఈ ఆరు నెలలు దేనికి? బేరియాట్రిక్ సర్జన్ల అమెరికన్ సంఘం 2011లోనూ, మళ్ళీ 2016లోనూ ఈ నిబంధనకు శాస్త్రాధారం లేదని, ఇది వివక్ష అని తేల్చి చెప్పింది. 2016లోనే వెలువడిన ఒక అధ్యయనంలో ఆపరేషన్‌కు ముందు ఆరు నెలలు జీవనశైలి శిక్షణ పొందిన జట్టు, ముందు కాస్త ఎక్కువ తగ్గినా, రెండేళ్ళ తర్వాత చూస్తే శిక్షణ లేని జట్టుకంటే కొంచెం వెనకబడింది. ముందు క్రమశిక్షణ నేర్పితే తర్వాత ఫలితం బాగుంటుందన్న వాదానికి అది గట్టి దెబ్బ. ఈ ఆరు నెలల్లో విసిగి వదిలేసుకున్నవాళ్ళ వల్ల మిగిలే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా మినహాయింపులను ఒక మూసలోకి తెచ్చినప్పుడు ఊబకాయం ఆపరేషన్‌కు షరతులు రాసింది. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే బీఎంఐ కనీసం 40 ఉండాలి. కనీసం 35 ఉంటే, తీవ్రమైన గుండె జబ్బో, నిద్రలో ఊపిరాగిపోయే జబ్బో, అదుపు తప్పిన షుగరో ఉండాలి, దానితోపాటు కోతలేని పద్ధతులు విఫలమై ఉండాలి. ఎన్నాళ్ళు ప్రయత్నిస్తే, ఎన్ని కిలోలు తగ్గకపోతే విఫలమైనట్టు? ఆ వాక్యంలో లేదు. లేనిచోట క్లెయిములు చూసే మనిషి తనకు తోచింది అనుకుంటాడు. పైగా 40, 35 అనేవి 1991లో అమెరికా ఆరోగ్య సంస్థలు తెల్లవాళ్ళను దృష్టిలో పెట్టుకుని గీసిన గీతలు. ఆసియావాసులకు తక్కువ బరువులోనే షుగరూ గుండెజబ్బూ వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని అంతర్జాతీయ సర్జన్ల సంఘాలే 2022లో చెప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువులోనో ఊబకాయంలోనో ఉన్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్ళందరికీ ఆపరేషన్ కావాలని నేననడం లేదు. కావాల్సిన కొద్దిమంది ముందు పాతకాలపు గీత గీసి, దాని మీద పరీక్ష పెట్టడం ఏ న్యాయమని మాత్రమే అడుగుతున్నాను.

ఇప్పుడు పేషెంటు వైపు తిరుగుదాం, ఎందుకంటే పరీక్ష అనే నమ్మకం అక్కడ తెచ్చే కీడే ఎక్కువ. పథ్యాన్ని శిక్షగా తలిచేవాడు శిక్షకు ముందు విందు చేసుకుంటాడు. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజునుంచి ఇంట్లో పండగే. "మళ్ళీ తినలేవు కదరా, కడుపునిండా తిను" అని అమ్మ గారెలు వేస్తుంది, అత్తగారు బొబ్బట్లు పంపుతారు, స్నేహితులు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెప్పిస్తారు. ప్రేమతో చేసేదే, తప్పుపట్టలేం.  మూడు వారాల విందు మీద రెండు వారాల పథ్యం పెడితే కాలేయం ఎక్కడ మొదలైందో అక్కడికి వచ్చి ఆగుతుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు బిర్యానీ మళ్ళీ తినగలరు, నాలుగు ముద్దలు. ఆ మాట ముందే చెబితే ఆఖరి విందు అవసరమే ఉండదు.

మరో అపార్థం "లిక్విడ్ డైట్" చుట్టూ అల్లుకుంది. ఉపవాసాలు చేసే అలవాటున్న మనకు పళ్ళెంలో అన్నం లేకపోతే పథ్యం చేసినట్టే లెక్క. నమలకుండా తాగేది ఏదైనా చెల్లుతుందనుకుంటారు. గంజి, రాగి జావ, బెల్లం వేసిన పానకం, బత్తాయి రసం, చెరకు రసం, బాదం పాలు. గ్లాసుడు బత్తాయి రసంలో 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, చెరకు రసంలో అంతకు మించి. కాలేయం ఖాళీ చేసుకుంటున్న నిల్వను ఇవి గ్లాసు గ్లాసుకీ మళ్ళీ నింపుతాయి. కడుపు మాడిందే తప్ప పని జరగలేదు. పిండిపదార్థం తగ్గాలి, మాంసకృత్తులు రోజుకు 60 నుంచి 80 గ్రాముల దాకా అందాలి, నీళ్ళు సరిపడా పడాలి. అసలు నియమం అంతే, ద్రవమా ఘనమా అన్నది తర్వాతి మాట. బ్రిటన్ ఆసుపత్రుల్లో కొన్ని ఇదే పథ్యాన్ని పాలు, పెరుగులతోనే నడిపిస్తాయి, కొన్ని మామూలు భోజనాన్నే కొలిచి పెట్టిస్తాయి. మన వంటింట్లో చూస్తే వెన్న తీసిన పాలు, పల్చటి మజ్జిగ, గుడ్డు తెల్లసొన, ఉడికించిన చేప, పనీరు, సొరకాయ, బీరకాయ, తోటకూర, టమాటా చారు, వీటితో డైటీషియన్ ఓపికగా కూర్చుని రాస్తే బ్రహ్మాండంగా కుదురుతుంది. ఖరీదైన డబ్బా పొడి లేనిదే కాదనడం కూడా ఒక వ్యాపారమే. కాకపోతే ఉద్యోగానికి పరిగెత్తేవాళ్ళకు కొలత తప్పకుండా ఉండేందుకు ఆ పొడి సులువు, అంతవరకు ఒప్పుకుంటాను.

ఈ పథ్యాన్ని మందుగా చూడాలనడానికి గట్టి కారణం ఇంకొకటి ఉంది. మందుకు మోతాదు ఉంటుంది, గడువు ఉంటుంది, మిగతా మందులతో పేచీ కూడా ఉంటుంది. పరీక్షకు ఇవేవీ ఉండవు, అందుకే పరీక్ష అనుకునేవాళ్ళు వాట్సాప్‌లో వచ్చిన చార్టు పట్టుకుని మొదలుపెట్టేస్తారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతున్న మనిషి ఒక్కసారిగా తిండి మూడో వంతుకు దించి, మందు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే, రాత్రి రెండింటికి చెమటలు పట్టి షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలతో ప్రమాదం ఇంకో రకం. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు ఇవి రక్తంలో ఆమ్లాలను పెంచేసే కీటోఅసిడోసిస్‌కు దారితీయవచ్చు, అదీ షుగర్ మీటరులో అంకె పెద్దగా పెరగకుండానే. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే వీటిని ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. పేటెంటు గడువు తీరి డాపాగ్లిఫ్లోజిన్ చౌకయ్యాక ఈ మాత్ర మన ఊళ్ళలో ప్రతి మందుల షాపులోనూ దొరుకుతోంది. బీపీకి వాడే, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు అలాగే వేసుకుంటే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు ఈ పథ్యం లెక్కే వేరు. ఆసుపత్రి చార్టు ఇచ్చి, మందుల చీటీ తిరగరాయకుండా పంపిందంటే ఆ పని సగమే చేసినట్టు.

వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఇంకో చిక్కు చేరింది. సెమాగ్లూటైడ్ వంటివి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. రాత్రంతా పస్తున్నా కడుపులో తిండి మిగిలి, మత్తిచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పుంది. అలాంటి అనుమానం ఉన్నవాళ్ళకు ఆపరేషన్‌కు ముందు 24 గంటలు ద్రవాహారమే ఇవ్వాలని 2024లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘమూ మరికొన్ని వైద్య సంఘాలూ కలిసి సూచించాయి. ఇంజెక్షన్ సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా వేసుకునేవాళ్ళు, డాక్టరుకూ చెప్పకుండా దాస్తున్నారు. కష్టపడి తగ్గకుండా సూదితో తగ్గాడంటారేమోనని సిగ్గు. అదే పెదనాన్న, అదే తీర్పు.

ఆసుపత్రుల్లో తూకం దగ్గర జరిగే తంతు గురించి కూడా చెప్పాలి. రెండు వారాలయ్యాక బరువు చూసి, నాలుగు కిలోలు తగ్గితే భుజం తట్టి, కిలోన్నరే తగ్గితే "మీరు సీరియస్‌గా తీసుకోలేదు" అని ముఖం మాడ్చుకునే కౌన్సెలర్లు ఉన్నారు. తూకం యంత్రానికి కాలేయం కనబడదు. మగవాళ్ళు, ఎక్కువ బరువున్నవాళ్ళు మొదట్లో వేగంగా తగ్గుతారు. నెలసరి దగ్గరున్న ఆడవాళ్ళలో నీరు నిలిచి అంకె కదలదు. ఇద్దరి కాలేయాలూ ఒకేలా చిన్నబడి ఉండవచ్చు. అనుమానముంటే స్కాన్ ఉంది, అవసరమైతే మరో వారం పది రోజులు పథ్యం పొడిగించవచ్చు. అది సర్జన్ తీసుకోవాల్సిన వైద్య నిర్ణయం. అందులో తిట్టడానికేమీ లేదు. ఈ పథ్యం దీర్ఘకాలంలో ఎంత బరువు తగ్గుతామో నిర్ణయిస్తుందనడానికి కూడా నమ్మదగ్గ ఆధారం లేదు. దాని పని ఆపరేషన్ బల్ల దగ్గర మొదలై దాదాపు అక్కడే ముగుస్తుంది. మనిషి ఓపికకు నిజంగా పని పడేది ఆ తర్వాత, జీవితాంతం బీ12, ఐరన్, కాల్షియం వేసుకోవడంలో, ఏడాదికోసారి రక్తపరీక్షకు వెళ్ళడంలో, కొద్దికొద్దిగా నమిలి తినడంలో. ఆ ఓపిక ఉందో లేదో రెండు వారాల మజ్జిగతో తేలదు.

తిట్టడం వల్ల జరిగే నష్టం ఒకటుంది, దాని గురించి ఆసుపత్రులు కూడా తగినంత ఆలోచించడం లేదని నా ఫిర్యాదు. పరీక్షలో తప్పుతానని భయమున్నవాడు అబద్ధం చెబుతాడు. పన్నెండో రోజున మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో పులిహోర, రెండు లడ్డూలు తిన్న మనిషి, ఆ సంగతి తెలిస్తే ఆపరేషన్ కాన్సిల్ చేస్తారేమోనని, డబ్బు కట్టేశామని, సెలవు పెట్టేశామని, ఇంట్లో అందరూ "నే చెప్పలా" అంటారని నోరు విప్పడు. ఆ లడ్డూలు పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. నాలుగు రోజులు పథ్యం మొత్తం వదిలేసి ఉంటే కాలేయం మళ్ళీ ఉబ్బి ఉండవచ్చు. ముందురోజు రాత్రి తిని ఉంటే మత్తు దగ్గరే ముప్పు. షుగర్ మాత్ర ఆపమన్న రోజున ఆపకపోయి ఉంటే అది మరీ ముప్పు. వీటిలో ఏది చిన్నదో ఏది పెద్దదో తూచాల్సింది డాక్టరు, తూచడానికి ఆయనకు నిజం కావాలి. పేషెంటు ఒప్పుకుంటే కాలేయం మరోసారి చూస్తారు, లేదా రెండు రోజులు వెనక్కి జరుపుతారు, లేదా ఫరవాలేదని కానిచ్చేస్తారు. ఒప్పుకోకపోతే ఆ సంగతి కెమెరా లోపలికి వెళ్ళాక తెలుస్తుంది. కాబట్టి ఆ పదిహేను రోజులూ ఇంటికి వచ్చే చుట్టాలు ఏదైనా అడగాలనుకుంటే, "షుగర్ మందు మార్చారా, ఎవరు మార్చారు?" అని అడగండి.